అమ్మ గుర్తుపట్టని పువ్వు

“ఆ పెట్టె ఎప్పుడైనా నోరు జారితే?” అంది సత్యవేణి.

అప్పటికింకా ఎవరికీ జ్వరం లేదు, కనీసం తుమ్మైనా లేదు. ఇంట్లో ముగ్గురూ నిక్షేపంగా కూర్చుని పెసరట్లు తింటున్నారు. అయినా సత్యవేణి భయానికి కారణంతో పనేముంది? భర్త ఇల్లు చేరడం పది నిమిషాలు ఆలస్యమైతే గోదావరిలో పడిపోయినట్టే. కూతురు ఫోనెత్తకపోతే ఏ లారీయో గుద్దేసినట్టే. పైన తిరిగే ఫ్యాను కింద ఆమె ఏనాడూ పడుకోలేదు, ఎవర్నీ పడుకోనివ్వలేదు. ఆ ఇంట్లో మంచాలు మూడూ గోడవారనే ఉంటాయి.

“దానికి నోరే లేదమ్మా,” అంది కూతురు భ్రమర.

“నోరు లేందే పక్కూరి పెట్టెతో ఎలా మాట్లాడుద్దే?”

సూరన్నకి నవ్వొచ్చి పెసరట్టు ముక్క గొంతుకి అడ్డం పడింది. నరసాపురం రేవులో జనాన్నీ బళ్లనీ అవతలి ఒడ్డుకి చేర్చే పంటు నడుపుతాడతను. నీళ్లు తాగి, “చెప్పవే ఇంజినీరమ్మా, ఏడో తరగతి చదివిన మీ అమ్మ అడుగుతోంది,” అన్నాడు.

భ్రమర పనిచేసేది ఊళ్లో అందరూ ఏటిగట్టు ఆసుపత్రి అని పిలిచే చోట, వెనకవైపు రెండు గదుల ప్రయోగశాలలో. డాక్టర్ రెహానాతో కలిసి ఆమె తయారుచేస్తున్న పెట్టె పేరు ‘పొరుగు’. ఐసీయూలో మంచం పక్కన ఉండి, రోగి గుండెనీ ఊపిరినీ రక్తపోటునీ కనిపెట్టుకుంటూ, సెప్సిస్ వచ్చే సూచన కనిపిస్తే దీపం వెలిగించడం దాని పని. ఒంట్లో చేరిన క్రిమి మీద ఒళ్లే వెర్రెత్తినట్టు తిరగబడి, చివరికి తనని తానే కూల్చుకునే జబ్బు అది. గంట ముందు కనిపెడితే మనిషి దక్కే ఆశ పెరుగుతుంది. కానీ ఒక్క ఆసుపత్రి చూసే కేసులెన్ని? పదూళ్ల అనుభవం కలిస్తే గానీ పెట్టెకి బుర్ర రాదు. రోగుల కాగితాలు గడప దాటకూడదు. అనుభవం మాత్రం దాటాలి. చిక్కంతా అక్కడుంది.

“రోగి కాయితాలు ఎక్కడివక్కడే ఉంటాయమ్మా. పెట్టె వాటిని చదువుకుని, తనకి అర్థమైన పాఠం ఒక్కటే సాయంత్రం నాలుగింటికి పక్కూళ్ల పెట్టెలకి పంపుద్ది. నూకరత్నం పిన్ని ఇంటికెళ్లకుండానే, ఆవిడల్లిన పువ్వు చూసి నువ్వు అల్లిక నేర్చేసుకోవూ? అలాగన్నమాట.”

“అంటే పువ్వొస్తుంది, ఇల్లు రాదు.”

“అద్గదీ.”

సత్యవేణి అల్లప్పచ్చడి గిన్నె ఇటు జరిపి, అటు జరిపి, “అయితే దొరికిపోతారే,” అంది.

“ఎవరు?”

“ఆ రోగులు. పువ్వు చూస్తే చెయ్యి తెలిసిపోదూ?”

భ్రమర చేతిలో ముక్క నోటిదాకా వెళ్లకుండానే ఆగిపోయింది.

ముప్పై ఏళ్లుగా సత్యవేణిది లేసు అతుకుపని. చుట్టుపక్కల ఆడవాళ్లు ఎవరిళ్లలో వాళ్లు అల్లి ఇచ్చిన పువ్వుల్ని కలిపి కుట్టి, బల్లగుడ్డలూ దుప్పట్లూ చేస్తుంది. ఆమె చేతుల మీదుగా వెళ్లిన పువ్వులు లక్షల్లో ఉంటాయి. ఒకే నమూనా చూసి వందమంది అల్లినా, ఏది ఎవరిదో తనకి తెలిసిపోతుందని ఆమె ఎప్పుడూ గొప్పగా చెప్పుకోలేదు. అదొక విద్య అని ఆమెకి తోచలేదు. అన్నంలో రాయి తగిలితే పంటికి తెలీదా, అలాంటిదే ఇదీ అనుకునేది.

ఆ శనివారం మధ్యాహ్నం భ్రమర, రెహానా కలిసి నలభై పువ్వులు తెచ్చి చాప మీద పరిచారు. ఒకే దారం, ఒకే సైజు సూది, ఒకే నమూనా. అల్లినవాళ్లు నలభై మంది. పేర్లు లేవు, అంకెలు వేసిన చీటీలే.

“కళ్లజోడియ్యి,” అంది సత్యవేణి.

మొదటి పువ్వు ఎత్తి వెలుగులో చూసింది. “ఇది నూకరత్నం. ముడి దగ్గర బిగలాగేస్తాది, దాని నోరూ అంతే. ఇది ఏస్తేరు, ఎడంచేతి వాటం. ఇది మా తోడికోడలు. దారానికి కక్కుర్తి పడింది, రేకులు ఎలా చిక్కిపోయాయో చూడు.”

పువ్వులు ఒక్కొక్కటే పక్కకి చేరుతున్నాయి. రెహానా కాగితం మీద టిక్కులు పెడుతోంది. టిక్కు పడినప్పుడల్లా ఆవిడ మొహం ఇంకాస్త పాలిపోతోంది.

పంతొమ్మిదో పువ్వు దగ్గర సత్యవేణి ఆగింది. “ఇది సీతాలు కోడలు. పాపం మధ్యలో నాలుగుసార్లు వదిలేసి లేచింది. వచ్చి తడిచేత్తోనే మళ్లీ పట్టుకుంది, దారం చూడు. మూడో నెలేమో.”

“ఏం మూడో నెల?” అంది రెహానా.

సత్యవేణి నాలిక్కరుచుకుంది. “నేనేం అన్లేదు. ఇరవయ్యోది ఇలాగియ్యండి.”

నలభైలో ముప్పై ఏడు సరిగ్గా చెప్పింది. వారం తిరక్కుండా సీతాలు ఇంట్లో ఆ శుభవార్త కూడా బయటపడింది.

“అక్కా, నా కొంప ముంచేశారు,” అంది రెహానా. కానీ ఆవిడ కళ్లు మాత్రం పండక్కి కొత్తబట్టలు కుట్టించుకున్న పిల్ల కళ్లలా మెరుస్తున్నాయి. “రెండేళ్లుగా మేం చూడని కంతని మీరు అరగంటలో చూపించారు.”

పెట్టె పంపే పాఠంలో పేరుండదు, ఊరుండదు. అయినా ఏ రోజైనా ఐసీయూలో కొత్తగా చేరింది ఒక్కరే అయితే, వాళ్ల సంగతి కాస్తో కూస్తో తెలిసిన తెలివైనవాడు పాఠాన్ని వెలుగుకెత్తి చూసి, ఇది ఫలానావాళ్లదని పట్టేయగలడు. ఒకరి ఉద్యోగం ఊడొచ్చు. ఒకరు ఎవరికీ చెప్పుకోని జబ్బు వీధిన పడొచ్చు. కంత ఎక్కడుందో తెలియకపోయినా, ఇలాంటిదేదో జరుగుతుందన్న భయంతోనే తొమ్మిది ఆసుపత్రులు ‘పొరుగు’లో చేరకుండా దూరంగా నిలబడ్డాయి. చేరినవి రెండే.

ఆ నెలంతా ప్రయోగశాలలో నడిచింది తడబాటు మీద పని. పాఠం గడప దాటే ముందు పెట్టె తనంతట తానే ఒక తప్పటడుగు వేస్తుంది. ఎటు వేస్తుందో దానికీ ముందు తెలీదు. ఒక్క పాఠాన్ని చూస్తే ఎవరిదో పోల్చలేం. వందల పాఠాలు ఒకచోట కలిస్తే ఆ తడబాట్లన్నీ ఒకదాన్నొకటి సర్దుకుని, అసలు సంగతి పైకి తేలుతుంది. లెక్క కాగితం మీద కుదిరింది. నిజంగా కుదిరిందో లేదో తేల్చాల్సింది మాత్రం సత్యవేణి కళ్లజోడు.

పువ్వులతోనే పరీక్ష. పాచిక వేసి, పడిన అంకెని బట్టి ప్రతి పువ్వులో కొన్ని కుట్లు విప్పి, వేరొకరి చేత బిగువుగానో వదులుగానో వేయించారు. రెండో శనివారం సత్యవేణి ఇరవై ఆరు పోల్చింది. “పెంచండి,” అంది. మూడో శనివారం పదకొండు. “ఇంకా తెలుస్తోంది, పెంచండి.”

నాలుగో శనివారం ఆమె గంటన్నర కూర్చుంది. కళ్లజోడు తీసి తుడిచింది. చాప వీధరుగు మీదకి మార్పించింది. చివరికి నాలుగే కుదిరాయి, అవీ ఊరికే అన్నవే.

“ఇవి దయ్యాలల్లినట్టున్నాయి!” అని చాప మీంచి లేచిపోయింది.

రెహానా, భ్రమర ఒకరి చేతులొకరు పట్టుకుని అరుగు మీద గంతులేశారు. సాయంత్రం సూరన్న తాపేశ్వరం కాజాల పొట్లం తెచ్చి వీధంతా పంచాడు. “మా ఆవిడ ఓడిపోయిందండి. పెళ్లయ్యాక ఇదే చూడ్డం,” అని అడగనివాళ్లకి కూడా చెప్పాడు.

“ఈ పాళ్లు చాలక్కా,” అంది రెహానా కాజా కొరుకుతూ. “ఇంతకంటే తడబాటు పెంచితే పాఠం మసకబారుద్ది. మామూలు కేసులకి ఫర్వాలేదు గానీ, అరుదుగా వచ్చేవాటిని పెట్టె సరిగ్గా పోల్చుకోలేదు.”

“నాలుగు చెప్పేశాను కదండీ. ఆ నలుగురి గతేంటి? ఇంకో చిటికెడు వెయ్యండి,” అంది సత్యవేణి.

భ్రమర నవ్వి, అమ్మ తృప్తి కోసం ఇంకో చిటికెడు వేసింది. ప్రయోగశాలలో దానికి ‘అమ్మ చిటికెడు’ అనే పేరు స్థిరపడిపోయింది. ఆ పరీక్ష సంగతి చెప్పాక, దూరంగా నిలబడ్డ తొమ్మిది ఆసుపత్రులూ చేరాయి. గోదావరికి ఇటు ఆరు, అటు ఐదు. మొత్తం పదకొండు పెట్టెలు రోజూ నాలుగింటికి పాఠాలు మార్చుకోవడం మొదలుపెట్టాయి.

చేరేటప్పుడు రాసుకున్న నియమాల్లో ఒకటి సత్యవేణికి ముల్లులా గుచ్చుకుంది. రోగి అనుమతి లేకుండా వాళ్ల పాఠం గడప దాటరాదు. పెద్దవాళ్లయితే తమ నోటితో తామే చెప్పాలి. ‘భర్త, భార్య, కొడుకు, తల్లి ఎవరు చెప్పినా చెల్లదు. ముఖ్యంగా తల్లి.’

“ఆ ముఖ్యంగా ఏంటే?” అంది సత్యవేణి.

“నీకోసమే రాశా,” అంది భ్రమర.

“నేనేం చేశానే?”

అప్పుడే రెహానా ఫ్లాస్కు మూత తీస్తూ, “భ్రమరా, టీ తాగుతావా?” అంది.

“తాగదండి. దానికి సాయంత్రంపూట టీ పడదు, గుండెల్లో మంట,” అంది సత్యవేణి.

భ్రమర తల్లి వైపు చేయి చూపించి ఊరుకుంది. రెహానా టీ ఒలికేలా నవ్వింది. ఇరవై ఆరేళ్ల కూతురి పేరు, వయసు, ఆకలి, నొప్పి, ఇష్టం అన్నీ ఎవరు అడిగినా సత్యవేణే చెబుతుంది. బస్సు కండక్టరు ఎక్కడికమ్మా అని భ్రమరనడిగితే సత్యవేణి ఊరు చెబుతుంది. ఆ మాటకొస్తే భ్రమర ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు బయట బెంచీ మీద కూర్చున్న సత్యవేణి, తలుపు సందులోంచి ఒక ప్రశ్నకి జవాబిచ్చింది కూడా.

లోకంలో ప్రతిదానికీ భయపడే ఆ మనిషి, రొయ్య ముల్లుకి మాత్రం ఎప్పుడూ భయపడలేదు. పుట్టినప్పట్నుంచీ గుచ్చుకుంటున్నదే కదా.

వర్షాలు పట్టిన రోజులు. ఆదివారం మధ్యాహ్నం తల్లీకూతుళ్లు పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తుంటే, ఒక రొయ్య తల మీది ముల్లు భ్రమర బొటనవేల్లో దిగింది. “హబ్బా” అంది. సత్యవేణి పసుపద్దింది. ఇద్దరూ ఇగురు తిని సినిమా చూశారు. సోమవారం పొద్దున చేయి కొంచెం వాచింది. ఏదో నలతగా ఉందంటూనే భ్రమర పనికి వెళ్లిపోయింది.

క్యాంటీను తిండి మీద నమ్మకం లేక రోజూ క్యారేజీ తానే మోసుకెళ్లే సత్యవేణి, పదకొండింటికి ప్రయోగశాల గుమ్మంలోకి వచ్చేసరికి కూతురు పరీక్ష మంచం మీద పడుకుని ఉంది. ఛాతీకి వైర్లు.

“కంగారు పడకండక్కా. అత్యవసర గదిలో చూపించాం. మాత్రలిచ్చి ఇంటికెళ్లమన్నారు. పెట్టె పక్కనే ఉంది కదా అని నేనే తగిలించాను,” అంది రెహానా.

‘పొరుగు’ నెత్తి మీద పసుపు దీపం వెలుగుతోంది.

“పసుపంటే ఏంటండి?”

“అనుమానం. రూఢి అయితే ఎరుపొస్తుంది.” రెహానా తెర మీద గీతలు చూపించింది. “ఆరోగ్యంగా ఉన్న గుండె మరీ ఒకే తీరుగా కొట్టుకోదు. అటూ ఇటూ కాస్త ఊగుతుంది. ఈ పిల్లది ఊగట్లేదు. మరీ సమంగా ఉంది.”

సత్యవేణి కళ్లజోడు పెట్టుకుని ఆ గీతల్ని దగ్గరగా చూసింది. మరీ సమంగా ఉన్న అల్లిక మనిషిది కాదని ఆమెకి ఒకరు చెప్పాలా?

డ్యూటీ డాక్టరొచ్చి చూశాడు. “జ్వరం లేదు, బీపీ బాగుంది. పసుపుకే ఐసీయూలో పెడితే సగం ఊరిని పెట్టాలి మేడమ్,” అన్నాడు. ఆయన మాటా తీసెయ్యదగ్గది కాదు.

రెహానా రక్తం పరీక్షకి పంపి, పెట్టె ముందు కూర్చుంది. “ఇలాంటి చెయ్యిని మన పెట్టె ఎప్పుడూ చూడలేదు. మన దగ్గరికి అలాంటి కేసే రాలేదు. అయినా అనుమానపడుతోందంటే, పొరుగున ఎవరో చూశారు. ఎవరో చూసి, తమ పాఠం ఇచ్చారు,” అని తనలో తాను అనుకుంది. మళ్లీ దీపం చూసింది. పసుపే.

పన్నెండున్నరకి రక్తం నివేదిక వచ్చింది. అదీ అటూ ఇటూగానే ఉంది. రెహానా ఇక ఎరుపు కోసం ఆగలేదు. “ఐసీయూకి మార్చండి. యాంటీబయాటిక్ ఇప్పుడే మొదలుపెట్టండి. సర్జన్ గారిని పిలవండి. తిట్లేమైనా ఉంటే నేను తింటాను,” అంది.

రెండింటికి భ్రమర రక్తపోటు అమాంతం పడిపోయింది. ఎరుపు దీపం వెలిగింది మూడు దాటాక. అప్పటికే మందు రెండున్నర గంటలుగా ఒంట్లో తిరుగుతోంది. సర్జన్ చెయ్యి కోసి శుభ్రం చేశాడు. ఉప్పునీటిలో బతికే క్రిమి అని తేలింది. సాయంత్రానికి భ్రమర గొంతులో గొట్టం, పక్కన ఊపిరి పోసే యంత్రం.

మర్నాడు ఐసీయూ ఎదుట బెంచీ మీద సత్యవేణి కూర్చుంది. పక్కన సూరన్న. ముప్పై ఏళ్లు గోదావరి మీద తిరిగిన మనిషి, నేల మీద ఎక్కడ కాలు పెట్టాలో తెలీనట్టు కూర్చున్నాడు. రెహానా వచ్చి సత్యవేణి పక్కన కూలబడింది.

“డాక్టరమ్మా, ఒకటడుగుతా. అబద్ధం చెప్పకండి,” అంది సత్యవేణి. “ఆ చిటికెడు నేనెయ్యమన్నదే కదా. అది లేకపోతే ఎర్రదీపం ముందే వెలిగేదా?”

రెహానా మెడలోని స్టెతస్కోపు తీసి ఒళ్లో పెట్టుకుంది. “వెలిగేదేమో అక్కా. మందు గంటా గంటన్నర ముందు పడేదేమో. లెక్క వేసి చూశాను. అవునని గట్టిగా చెప్పలేను, కాదనీ చెప్పలేను.”

సూరన్న తల తిప్పుకున్నాడు. సత్యవేణి కొంగు వేలికి చుట్టుకుంటూ, “నా భయమే దీన్నిలా పడుకోబెట్టింది,” అంది.

“రెండో లెక్క కూడా వినండి. మీరు ఆ రోజు ఓడిపోయాకే తొమ్మిది ఆసుపత్రులొచ్చాయి. అక్కడి జనం మా పేరు బయటపడదు కదా అని ఒకటికి పదిసార్లు అడిగి, ఆ పువ్వుల కథ విన్నాకే సరే అన్నారు. వాళ్లు ఇవ్వకపోతే ఆ పెట్టెకి ఇలాంటి చెయ్యి గురించి ఏమీ తెలిసేది కాదు. నిన్న ఏ భయం లేదంటూ ఆకుపచ్చ దీపమే వెలిగేది. మాత్రలు వేసుకుని పిల్ల ఇంటికెళ్లిపోయేది.”

సత్యవేణి ఆ మాటని లోపలే అటూ ఇటూ తిప్పి చూసుకుంది. అతుకు కుదిరినట్టే ఉంది. కుట్టు మాత్రం ఇంకా నొప్పెడుతోంది.

“ఆ ఇచ్చింది ఎవరండీ? ఒక్కసారి వాళ్ల చేతులు పట్టుకోవాలి.”

“తెలీదక్కా. తెలుసుకునే దారి లేకుండా మనమే కదా చేసింది.”

సూరన్న మొదటిసారి నోరు విప్పాడు. “గట్టిగానే చేశారులెండి. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో కూడా మా ఆవిడ అలాగే దాస్తాది.”

సత్యవేణి అతన్ని మోచేత్తో పొడిచింది. ఆ పొడుపుతో ముగ్గురికీ కాస్త ఊపిరి తిరిగింది.

ఐసీయూ తలుపు వైపు చూస్తూ ఆమె, “మరి దీని పాఠం?” అంది. “మా పిల్లది కూడా పంపుతారా పొరుగుకి?”

“మన పెట్టెలోనే ఆగి ఉంది. ఇది చేరితే మిగతా పది పెట్టెలూ ఈ క్రిమిని ఇంకొంచెం బాగా పోల్చుకుంటాయి.”

“అయితే పంపెయ్యండి! రాసుకోండి. కావాలంటే పది వేళ్ల ముద్రలూ వేస్తా.”

“చెల్లదక్కా.”

“కన్నతల్లిని నేను చెబుతుంటే చెల్లదంటారేంటండీ?”

“ముఖ్యంగా తల్లి,” అంది రెహానా. నవ్వాలో ఏడవాలో తెలీక రెండూ చేసింది.

తర్వాతి మూడు రోజులూ ఆ బెంచీ చుట్టూ చిన్న ఊరే వెలిసింది. ఖాళీగా ఉంటే భయం నెత్తికెక్కుతుందని సత్యవేణి ఇంటి నుంచి సూదులూ దారపుండలూ తెప్పించి, లోపల మనుషులున్న ఆడవాళ్లందరికీ తలా ఒకటి ఇచ్చింది. మొగల్తూరు నుంచి వచ్చిన ముసలావిడ మొదటి పువ్వు అల్లి చూపిస్తే, “ఇది పువ్వా, పీతా?” అంది. ఏడుస్తూ కూర్చున్న మనిషి పొట్ట పట్టుకుని నవ్వింది. నర్సులు కూడా గుమ్మంలోంచి తొంగిచూసి, “మా డ్యూటీ అయ్యాక మాకూ నేర్పాలండి పిన్నిగారూ,” అన్నారు.

కానీ గడియారం నాలుగు కొట్టేసరికి సత్యవేణి చేతిలో సూది ఆగిపోయేది. పదకొండు ఊళ్లలో పెట్టెలు పాఠాలు మార్చుకుంటున్నాయి. తన కూతురిది మాత్రం గడప లోపలే ఉంది. అసలే రొయ్యల పట్టుబడి రోజులు. చెరువుల్లో ఎన్ని చేతులు దిగి ఉంటాయో. వాటిలో ఏ బొటనవేలు వాచి, ఏ తల్లి పసుపద్ది ఊరుకుందో. ఇప్పటిదాకా ముగ్గురి కోసమే భయపడిన మనిషికి, ఇప్పుడు మొహం తెలియని జిల్లా అంతా కళ్ల ముందు తిరుగుతోంది. చిత్రం ఏంటంటే, భయం అంతమందికి పంచేసరికి పల్చబడింది. అన్నం సయించింది.

నాలుగో రోజు రక్తపోటు నిలబడింది. ఐదో రోజు గుండె గీత మళ్లీ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. అద్దంలోంచి అది చూసి సత్యవేణి, “వంకర్లు పోతోందండీ! చూడండి, ఎంత చక్కగా వంకర్లు పోతోందో!” అని వరండా అదిరిపోయేలా అరిచింది. పీతలాంటి పువ్వు అల్లిన ముసలావిడ లేచొచ్చి ఆమెని వాటేసుకుంది.

ఆరో రోజు పొద్దున గొట్టం తీశారు. భ్రమర కళ్లు తెరిచింది. గొంతు పచ్చిపుండులా ఉంటుంది, కాసేపు మాట్లాడించకండి అన్నారు. చెయ్యి మోచేతి దాకా కట్టు. బొటనవేలు ఇదివరకులా వంగకపోవచ్చని సర్జన్ ముందే చెప్పాడు. సత్యవేణి కూతురి రెండో అరచేతిని తన చెంపకి ఆనించుకుని, దేవుళ్లనందర్నీ పేరుపేరునా పలకరించింది. సూరన్న మంచం కాళ్ల దగ్గర నిలబడి, “మీ అమ్మ ఆసుపత్రంతటికీ లేసు తొడిగేసిందే,” అన్నాడు. భ్రమర పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు.

సాయంత్రం నాలుగుకి పది నిమిషాలుందనగా రెహానా లోపలికొచ్చింది. డ్యూటీ డాక్టరు కూడా వెనకే వచ్చి గోడకానుకుని నిలబడ్డాడు. ఆయన చూపు పెట్టె మీదుంది.

“ఇవాళ కాకపోతే రేపడగొచ్చు. తొందరేం లేదు,” అంది రెహానా. భ్రమర కళ్లతోనే అడగమంది. రెహానా కాగితం తీసి, నియమం ప్రకారం అక్షరం పొల్లుపోకుండా చదివింది. “మీ జబ్బు నుంచి ఈ పెట్టె ఒక పాఠం నేర్చుకుంది. మీ పేరు, మీ కాగితాలు ఇక్కడే ఉంటాయి. ఆ పాఠాన్ని పొరుగు ఆసుపత్రులతో పంచుకోవడం మీకిష్టమేనా? కాదన్నా మీ వైద్యంలో తేడా రాదు. మీరు ఏమీ చెప్పకపోతే కాదన్నట్టే.”

జవాబు రాసుకోవడానికి రెహానా కలం మూత తీసింది.

సత్యవేణి నోట్లోకి ‘అవునండి’ వచ్చేసింది. పళ్ల దాకా వచ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఆ దారిన పరిగెట్టి అలవాటైన మాట అది. ఆమె కొంగు ముద్దచేసి నోటికి అడ్డం పెట్టుకుంది. సూరన్న ఆశ్చర్యంగా చూశాడు. రెహానా కాగితం మీంచి తల ఎత్తలేదు.

భ్రమర కళ్లు మూసుకుంది. నిద్రలోకి జారిందేమోనని సత్యవేణి మంచం మీదికి వంగి చూసింది. గొంతు నొప్పా? దాహమా? కాదనాలనుకుంటోందా? కాదంటే? కాదన్నా అది దాని మాటే. పిల్లకి తనకి తెలియని మనసొకటి ఉంటుందని, అందులోకి తొంగి చూడకూడదని, ఆ అద్దాల గదిలో ఆమెకి మొదటిసారి తోచింది. భయమేసింది. ఆ భయం కూడా ఎందుకో తియ్యగా ఉంది. గోడ గడియారంలో ముల్లు ఒక గీత దాటింది. ఇంకో గీత దాటింది. డ్యూటీ డాక్టరు గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు. సత్యవేణి కొంగు తడిసిపోయింది, అయినా చేయి తీయలేదు.

భ్రమర కళ్లు తెరిచింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడిన తల్లిని చాలాసేపు చూసింది. పొడిబారిన పెదాలు తడుపుకుంది.

“నాది... నేనే ఇస్తున్నా,” అంది.